సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడట్లేదా? గేర్ బాక్స్ విప్పే ముందు క్లచ్ వైరు చూడండి

ప్రశ్న: అన్నయ్యా, మాది గోపాలపట్నం, ఉద్యోగం గాజువాకలో. నాన్నగారి పాత 150 సీసీ బండి మీదే రోజూ వెళ్లొస్తాను. ఫస్ట్ కిందకి, మిగతా నాలుగు గేర్లు పైకి. ఈమధ్య సిగ్నల్ దగ్గర ఆగితే న్యూట్రల్ అస్సలు పడట్లేదు, ఫస్ట్ నుంచి లేపితే సెకండ్‌కి పోతోంది, సెకండ్ నుంచి నొక్కితే ఫస్ట్‌కి పోతోంది, గ్రీన్ పడేవరకూ క్లచ్ పట్టుకునే ఉండాల్సి వస్తోంది. విసుగొచ్చి ఇంజన్ ఆపేస్తే మాత్రం టక్కున పడిపోతుంది. అంతకుముందు క్లచ్ గట్టిగా ఉండి చెయ్యి నొప్పెడుతోందని మెకానిక్‌తో లూజు చేయించాను, అప్పట్నుంచి మెత్తగా బాగానే ఉంది. ఇప్పుడు న్యూట్రల్ సంగతి చెప్తే గేర్ బాక్స్ విప్పాలి, వేలల్లో అవుతుంది అంటున్నాడు. విప్పించమంటారా?

జవాబు: ఇప్పుడే విప్పించొద్దు చెల్లెమ్మా. నీ ఉత్తరంలోనే జవాబు సగం ఉంది. ఇంజన్ ఆపితే టక్కున పడుతోంది అన్నావు కదా, అదొకటి. క్లచ్ లూజు చేయించాను అన్నావు, అదింకొకటి. ఈ రెండూ కలిపి చూస్తే గేర్ బాక్స్ మీద అనుమానపడాల్సిన పని నాకైతే కనబడట్లేదు, ముందు చూడాల్సింది క్లచ్ వైరు.

ఎందుకంటే గేర్ బాక్స్‌లోనే తేడా ఉంటే, అంటే లోపల గేర్లని పక్కకి జరిపే ఫోర్క్ వంగడమో, ఆ ఫోర్క్‌ని కదిపే డ్రమ్ము పట్టేయడమో, గేర్ లివర్ రాడ్డు వంగడమో జరిగితే ఇంజన్ ఆపినా న్యూట్రల్ అలాగే సతాయించాలి. ఆపగానే పడుతోంది అంటే లోపల గేర్లు వాటి పని అవి చేసుకోడానికి రెడీగానే ఉన్నాయి, ఇంజన్ తిరుగుతున్నప్పుడు మాత్రం ఏదో వాటిని వదలట్లేదు. ఆ వదలనిదే క్లచ్.

లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్తాను, అది తెలిస్తే మెకానిక్ ముందు నిలబడి మాట్లాడ్డానికి నీకు ధైర్యంగా ఉంటుంది. మన బండ్లలో క్లచ్ అంటే ఒకే ప్లేటు కాదు, ఆయిల్లో తడుస్తూ ఉండే ప్లేట్ల వరస. ఒక ఫ్రిక్షన్ ప్లేటు, ఒక స్టీల్ ప్లేటు, మళ్ళీ ఒక ఫ్రిక్షన్ ప్లేటు, ఇలాగ ఒకదాని మీద ఒకటి పేర్చి పైనుంచి స్ప్రింగులతో బిగించి ఉంటాయి. బిగిసి ఉన్నంతసేపూ ఇంజన్ బలం గేర్లలోకి పోతుంది. నువ్వు క్లచ్ లివర్ పట్టుకుంటే వైరు లాగుతుంది, కింద ఇంజన్ పక్కన చిన్న చెయ్యిలాంటి ఆర్మ్ తిరుగుతుంది, స్ప్రింగుల బిగువు తగ్గి ప్లేట్ల మధ్య సందు వస్తుంది. ఆ సందు చాలా చిన్నది, అది పూర్తిగా రావాలంటే వైరు పూర్తిగా లాగాలి. సగం లాగితే ప్లేట్లు విడిపోయినట్టే ఉంటాయి గానీ విడిపోవు, తడి విస్తరాకుల కట్టలో ఒకటి లాగితే పక్కవి కూడా వచ్చేసినట్టు ఇంజన్ వైపు ప్లేటు తిరుగుతుంటే గేర్ల వైపు ప్లేటు కూడా దాంతోపాటే కొంచెం కొంచెం తిరుగుతూనే ఉంటుంది. దీన్నే క్లచ్ డ్రాగ్ అంటారు. గేర్ల పళ్ళు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ బిగుసుకుని ఉంటే నీ కాలు ఎంత నొక్కినా అవి సగంలో విడిపోవు, గట్టిగా నొక్కేసరికి ఒక్కసారిగా వదిలి న్యూట్రల్ దాటేసి అవతలి గేర్‌లో పడిపోతాయి. మరి న్యూట్రల్‌కి గేర్ డ్రమ్ము మీద ఉన్న గాడి, ఫస్టుకీ సెకండుకీ మధ్య, మిగతా గాళ్ళ కంటే తక్కువ లోతుగా ఉంటుంది, పెడల్ సగం దూరం మెత్తగా కదిపితేనే అక్కడ ఆగుతుంది. బలం పెట్టి వేసే గేర్ కాదది.

ఇప్పుడు ఆ లూజు సంగతి. ఇది చాలామంది ఆడపిల్లల బండ్లకీ, చేతులు చిన్నగా ఉన్నవాళ్ళ బండ్లకీ జరుగుతుంది, అందుకే కొంచెం ఎక్కువ చెప్తున్నా. క్లచ్ గట్టిగా ఉంది అని షాపుకెళ్తే మెకానిక్ చేసే మొదటి పని అడ్జస్టర్ తిప్పి వైరు లూజు చేయడం, లివర్ ఒక్కసారిగా మెత్తగా అనిపిస్తుంది, మనం సంతోషంగా వచ్చేస్తాం. కానీ లోపల స్ప్రింగులు అవే, వాటి బలం అంతే, ఒక్క వీసం కూడా తగ్గలేదు. మెత్తగా ఎందుకు అనిపించిందంటే లివర్ నొక్కిన మొదటి భాగం ఊరికే ఖాళీగా పోతోంది, వైరు ఇంకా లాగడమే మొదలుపెట్టలేదు. అసలు లాగడం మొదలయ్యేసరికి లివర్ హ్యాండిల్ గ్రిప్ దగ్గరికి వచ్చేస్తుంది, ఇంకా పోడానికి చోటు ఉండదు, అంటే ప్లేట్లు విడిపోడానికి కావలసినంత లాగడం ఎప్పటికీ జరగదు. చెయ్యి సుఖపడింది, న్యూట్రల్ పోయింది.

చెయ్యి నొప్పికి అసలు మందు వేరే. వైరు లోపల ఎండిపోయి, తుప్పు పట్టి రాసుకుంటుంటే క్లచ్ గట్టిగా అవుతుంది. మన విశాఖలో ఇది మరీ ఎక్కువ, ఉప్పు గాలికి తోడు వానాకాలం తడి, బండి బయటే పెట్టేవాళ్ళకయితే వైరు బయట చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ లోపలి తీగ గోధుమరంగు తిరిగిపోయి ఉంటుంది. లివర్‌ని పట్టి ఉంచే బోల్టు దగ్గర గ్రీజు లేకపోయినా అంతే, హెడ్‌లైటు వెనక వైరు ఎక్కడైనా నలిగినా, మరీ వంపు తిరిగినా అంతే. కాబట్టి నాన్నగారి బండికి వైరు ఎప్పుడు మార్చారో అడుగు, గుర్తు లేదు అంటే కొత్త వైరు వేయించేసెయ్, ఆలోచించొద్దు. వైరు ఖర్చు వందల్లో ఉంటుంది, ఇంజన్ విప్పితే వేలల్లో. కంపెనీ వైరే అడుగు, పాతది పట్టుకెళ్ళి పొడుగు పోల్చి చూసుకో, ఒకే మోడల్‌లో కూడా ఏడాదిని బట్టి వైరు పొడుగు మారొచ్చు.

మార్చే ముందు పాత వైరునే ఒకసారి దగ్గరగా చూడు. లివర్ దగ్గరున్న రబ్బరు తొడుగు వెనక్కి లాగి, లివర్‌ని నొక్కి, వైరు చివరి గుండీ లివర్‌లో దూరే చోట చూడాలి, సన్నటి పోగులు ఒకటో రెండో తెగి పైకి లేచి ఉన్నాయంటే ఆ వైరు అయిపోయినట్టే, ఇంక అడ్జస్ట్ చేసి లాభం లేదు. తెగిన పోగులు పెరిగేకొద్దీ మిగిలినవి సాగుతాయి, ఇవాళ సరిచేసింది నాలుగు రోజులకి మళ్ళీ లూజు అయిపోతుంది, ఏదో ఒక రోజు షీలానగర్ దగ్గర లారీల మధ్యలో పుటుక్కున తెగుతుంది. ఫస్ట్ గేర్‌లో క్లచ్ పట్టుకుని నిలబడ్డప్పుడు తెగితే బండి ముందుకి దూకుతుంది. నువ్వు ప్రతి సిగ్నల్ దగ్గరా అలాగే నిలబడుతున్నాను అన్నావు, నాకు భయం వేసింది అదే చదివి.

వైరు బాగుంటే అడ్జస్ట్‌మెంట్ నువ్వే చేసుకోవచ్చు, నాన్నగారు పక్కన ఉంటే ఇంకా మంచిది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే బండి తీయకముందు, సెంటర్ స్టాండ్ వేసి హ్యాండిల్ నిటారుగా పెట్టుకో. ముందు ఇప్పుడు ప్లే ఎంతుందో చూడు. ప్లే అంటే లివర్‌ని ఒక్క వేలితో మెల్లగా లాగితే వైరు బిగిసేవరకూ ఖాళీగా కదిలే దూరం. లివర్ మొదట్లో, అంటే బోల్టు దగ్గర లివర్‌కీ దాన్ని పట్టుకున్న హోల్డర్‌కీ మధ్య వచ్చే సందు, చాలా బండ్లకి 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉండాలి. కొన్ని కంపెనీలు ఇదే లెక్కని లివర్ చివర కొలిచి 10 నుంచి 20 మిల్లీమీటర్లు అని రాస్తాయి, కాబట్టి మీ బండి మాన్యువల్ ఉంటే అందులో అంకె ఎక్కడ కొలవమన్నాడో కూడా చూసుకో, లేకపోతే లెక్క తప్పిపోద్ది. స్కేలు అక్కడ దూరదు గాబట్టి ఏటీఎం కార్డులు వాడుకో, మూడు కలిపితే 2 మిల్లీమీటర్లు దాటుతుంది, నాలుగైతే 3 మిల్లీమీటర్లు. మూడు దూరి నాలుగు కొంచెం బిగువుగా ఉంటే చక్కగా ఉన్నట్టు. నీ బండికి అయితే ఆ సందులో వేలే దూరుతుందేమో అని నా అనుమానం.

అడ్జస్టర్లు రెండు చోట్ల ఉంటాయి. పైన లివర్ దగ్గర ఒకటి, చేత్తో తిప్పేది, దాని పక్కనే ఒక లాక్ రింగు. కింద ఇంజన్ పక్కన వైరు వచ్చి దిగే బ్రాకెట్ దగ్గర ఇంకోటి, అక్కడ రెండు నట్లు ఉంటాయి, మామూలుగా 10 లేదా 12 నంబరు పానా పడుతుంది. చాలామంది పైదొక్కటే తిప్పీ తిప్పీ అది మరలు అయిపోయేవరకూ బయటికి తెచ్చేస్తారు, అది పద్ధతి కాదు. ముందు పైన లాక్ రింగు వదులు చేసి అడ్జస్టర్‌ని పూర్తిగా లోపలికి తిప్పేసి, ఒకటి రెండు చుట్లు వెనక్కి తెచ్చి వదిలెయ్. ఇప్పుడు కిందకి రా, లాక్ నట్టు వదులు చేసి అడ్జస్టర్ నట్టు తిప్పుతూ వైరు సాగదీసుకుంటూ పో, పైన లివర్ దగ్గర సందు 2, 3 మిల్లీమీటర్లకి వచ్చేవరకూ, వచ్చాక లాక్ నట్టు బిగించు. బిగించేటప్పుడు అడ్జస్టర్ కూడా దాంతో తిరిగిపోకుండా రెండో పానాతో పట్టుకోవాలి, అక్కడే చాలామంది కష్టమంతా పోగొట్టుకుంటారు. ఆఖర్న చిన్న చిన్న తేడాలకి పైన ఉన్నది వాడుకోవాలి, బయటికి తిప్పితే ప్లే తగ్గుతుంది, లోపలికి తిప్పితే పెరుగుతుంది. అంతా అయ్యాక పై అడ్జస్టర్‌కి ఉన్న చీలిక ఎటు ఉందో చూడు, అది ఆకాశం వైపు ఉంటే వాన నీళ్ళు నేరుగా వైరులోకి దిగుతాయి, హోల్డర్ చీలికతో వరసగా ఉంటే వైరు జారి బయటికి వచ్చే ఛాన్స్ ఉంది, పక్కకో కిందకో తిప్పి రింగు బిగించి రబ్బరు తొడుగు వేసెయ్.

తర్వాత హ్యాండిల్‌ని ఎడమకి పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి రెండు వైపులా ప్లే చూడు. ఒక వైపు తిప్పితే వైరు బిగిసిపోతుంటే అది వెళ్ళే దారిలో ఎక్కడో పట్టేసింది, ముందు అది సర్దాలి.

ఇంకో సంగతి, ఇది మర్చిపోవద్దు. న్యూట్రల్ బాగా పడాలని ఆశపడి ప్లే మొత్తం తీసేయకూడదు. సందు అసలు లేకపోతే నువ్వు లివర్ వదిలేసినా వైరు కొంచెం లాగే ఉంచుతుంది, ప్లేట్లు పూర్తిగా బిగుసుకోవు, జారతాయి, కాలిపోతాయి. ఎలా తెలుస్తుందంటే ఎత్తు ఎక్కేటప్పుడు, సింహాచలం ఘాట్ రోడ్డు మీదో, ఎన్ఏడీ ఫ్లైఓవర్ మీదో పై గేర్‌లో ఎక్స్‌లేటర్ ఇస్తే ఇంజన్ అరుస్తుంది గానీ స్పీడు పెరగదు, ఒక్కోసారి కాలిన వాసన కూడా వస్తుంది. అలా అనిపిస్తే వెంటనే కొంచెం లూజు చెయ్, చేసినా జారుతుంటే ప్లేట్లు అయిపోయాయని అర్థం. ఫ్రిక్షన్ ప్లేట్లు అరిగేకొద్దీ చాలా బండ్లలో ప్లే దానంతటదే తగ్గుతుంది, వైరు సాగేకొద్దీ పెరుగుతుంది, అందుకే ఒకసారి సెట్ చేసేసి వదిలేసే పని కాదిది, ప్రతి సర్వీసుకీ చూసుకోవాలి.

సరిగ్గా కుదిరిందా లేదా అనేది రోడ్డు మీద ఇలాగ చూడు. మీ వీధిలో చదునుగా ఉన్నచోట బండి స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా పట్టి ఫస్ట్ వెయ్, బ్రేకు వదిలెయ్. బండి తనంతట తాను ముందుకి పాకకూడదు. తర్వాత లివర్‌ని మెల్లగా వదులు, దాదాపు మధ్యలోకి వచ్చాక బండి కదలాలి. గ్రిప్ దగ్గరే కదిలిపోతే ఇంకా లూజుగా ఉన్నట్టు, పూర్తిగా వదిలేవరకూ కదలకపోతే మరీ టైటు చేశావని. సెంటర్ స్టాండ్ మీద చూసేవాళ్ళు ఒకటి గమనించాలి, గేర్ వేసి క్లచ్ పట్టినా వెనక చక్రం మెల్లగా తిరుగుతూ ఉంటుంది, ఆయిల్ జిడ్డుకి అది మామూలే, కాలి బ్రేకు కాస్త తగిలిస్తే ఆగిపోవాలి. ఆగకుండా ఇంజనే ఆగిపోయేలా ఉంటే డ్రాగ్ ఉన్నట్టు. తిరిగే చక్రాన్ని చేత్తో గానీ కాలితో గానీ ఆపి చూడొద్దు దయచేసి.

వైరు బాగుండి, ప్లే సరిగ్గా ఉండి, ఇంకా న్యూట్రల్ సతాయిస్తుంటే అప్పుడు ఆయిల్ చూడాలి. ఎన్నాళ్ళయింది మార్చి, ఏ గ్రేడు పోశారు, లెవెల్ ఎక్కువైందా. మాన్యువల్లో ఏ గ్రేడు ఉంటే అదే, కొన్నిటికి 20డబ్ల్యూ50, కొన్నిటికి 10డబ్ల్యూ30, డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి, అది తడి క్లచ్ ఉన్న బైకులకి పనికొచ్చే ఆయిల్ అని గుర్తు. కారు ఆయిల్ చవగ్గా వచ్చిందని పోయించొద్దు, వాటిల్లో కొన్నిటికి జారుడు మందులు కలుపుతారు, క్లచ్ జారిపోతుంది. ఐడ్లింగ్ కూడా చూడు, అంటే ఎక్స్‌లేటర్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే స్పీడు, చాలా బండ్లకి 1300 నుంచి 1500 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) మధ్య ఉండాలి, ఆగిపోతోందని మెకానిక్ దాన్ని పెంచేసి ఉంటే ఆ ఎక్కువ స్పీడుకి డ్రాగ్ కూడా ఎక్కువవుతుంది, గేర్ వేసినప్పుడల్లా ధన్ మని కొడుతుంది.

పొద్దున్న మొదటిసారి ఫస్ట్ వేసినప్పుడు మాత్రం ఒక్క దెబ్బ కొట్టి తర్వాత రోజంతా బాగుంటే కంగారు పడకు, రాత్రంతా నిలబడ్డ బండికి ప్లేట్లు ఆయిల్‌తో అంటుకుంటాయి. స్టార్ట్ చేశాక న్యూట్రల్‌లోనే క్లచ్ నాలుగైదుసార్లు నొక్కి వదిలి అప్పుడు గేర్ వెయ్.

ఇవన్నీ చేసినా మారకపోతే అప్పుడు విప్పాల్సిందే, కానీ అప్పుడు కూడా గేర్ బాక్స్ కాదు. క్లచ్ ఉండేది చాలా బండ్లకి ఇంజన్‌కి కుడివైపు మూత లోపల, ఆయిల్ దింపి ఆ ఒక్క మూత తీస్తే ప్లేట్లు బయటికి వచ్చేస్తాయి. గేర్లు చూడాలంటే ఇంజన్ బండిలోంచి దింపి రెండుగా విడదీయాలి, ఆ పని వేరు, ఆ కూలి వేరు. మూత తీసినప్పుడు నువ్వు పక్కనే ఉండి రెండు చూపించమను. స్టీల్ ప్లేట్లని అద్దం మీద పెట్టి వంపు ఉందేమో చూడాలి, వేడెక్కి వంగిన ప్లేటు ఎంత లాగినా పక్కదాన్ని వదలదు. ఇంకోటి, ప్లేట్లు కూర్చునే క్లచ్ హౌసింగ్ పళ్ళ మీద వేలితో తడిమి చూడాలి, ప్లేట్ల చెవులు గుద్దుకుని గుద్దుకుని అక్కడ గాట్లు పడతాయి, లోతుగా ఉంటే వేలికే తగులుతాయి, ప్లేటు ఆ గాటులో ఇరుక్కుని జరగదు. అలాంటి హౌసింగ్‌లో కొత్త ప్లేట్లు వేసినా కొన్నాళ్ళకి మళ్ళీ అదే గొడవ.

బండి బాగయ్యేవరకూ రోడ్డు మీద ఎలాగ అంటే, ఆగాక న్యూట్రల్ వెతకొద్దు, ఆగకముందే వేసుకో. ఎయిర్‌పోర్ట్ సిగ్నల్ రెడ్ కనబడుతోంది, సెకండ్‌లోకి వచ్చేశావు, బ్రేకుతో స్పీడు నడక స్పీడుకి వచ్చింది, అప్పుడు క్లచ్ పూర్తిగా పట్టి పెడల్‌ని కాలి వేళ్ళతో సగం మాత్రం కిందకి నొక్కు. చక్రం ఇంకా తిరుగుతుంటుంది గాబట్టి గేర్ల పళ్ళు బిగుసుకోవు, తేలిగ్గా పడుతుంది. ఒకవేళ ఫస్ట్‌లో ఆగిపోయావనుకో, బ్రేకు పట్టుకునే క్లచ్‌ని వెంట్రుకవాసి వదులు, బండి కదలబోతున్నట్టు అనిపించిన ఆ క్షణంలో కాలి వేళ్ళతో పెడల్‌ని మెల్లగా పైకి లేపు. లోపల బిగువు ఆ కాస్త కదలికకి వదులుతుంది. ముందు బండికి మరీ దగ్గరగా ఆపుకుని ఈ పని చేయొద్దు, కొంచెం జాగా ఉంచుకో. మీటర్‌లో న్యూట్రల్ పచ్చ లైటు వెలిగినా సరే, క్లచ్ మెల్లగా వదిలి బండి నిజంగా న్యూట్రల్‌లో ఉందని చూసుకున్నాకే చెయ్యి పూర్తిగా తియ్, పాత బండ్లలో ఆ లైటు స్విచ్ కూడా అబద్ధం చెప్తుంది.

మెకానిక్‌తో గొడవ పెట్టుకోవాల్సిన పని లేదు. "ఇంజన్ ఆపితే న్యూట్రల్ పడుతోంది అన్నా, ముందు కొత్త వైరు వేసి లివర్ దగ్గర 2, 3 మిల్లీమీటర్ల ప్లే పెట్టి ఇవ్వండి, లివర్ బోల్టుకి గ్రీజు పెట్టండి, లివర్ హోల్డర్‌ని కొంచెం కిందకి వంచండి" అని చెప్పు. ఆ ఆఖరి మాట నీ చెయ్యి కోసం, లివర్ మరీ పైకి ఉంటే మణికట్టు వంచి నొక్కాల్సి వస్తుంది, ముంజేయికి వరసగా ఉంటే అదే స్ప్రింగు బలం అంత బరువుగా అనిపించదు. నువ్వు సీటు మీద కూర్చుని, వేళ్ళు చాచి, చెయ్యి ఎక్కడికి తేలిగ్గా అందుతుందో చూపిస్తే అక్కడ బిగించమను. వైరు మార్చాక ఒక వారం తిప్పి ప్లే మళ్ళీ ఒకసారి చూసుకో, కొత్త వైరు మొదట్లో కాస్త సాగుతుంది. ఆ తర్వాత కూడా షీలానగర్ సిగ్నల్ దగ్గర పడకపోతే ఆయిల్ ఏది పోశారో, ఐడ్లింగ్ ఎంతుందో, ఎత్తు మీద జారుతోందో లేదో రాసి పంపు, అప్పుడు ఆ కుడివైపు మూత సంగతి మాట్లాడుకుందాం.